ఫ్యాన్లు, ఎల్‌ఈడీలు, పైకప్పు సోలార్: ఏళ్ల తరబడి వాడాక

మూడింటిలో ఎక్కువ మార్కులు దేనికంటే ఫ్యాన్లకే. పాత ఫ్యాను ఫుల్ స్పీడులో సుమారు 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను 30 వాట్ల దగ్గర ఆగిపోతుంది. స్పీడు తగ్గించేకొద్దీ ఇంకా తక్కువ. కరెంటు పోయినా ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే దాని మీద చాలాసేపు తిరుగుతుంది. నచ్చనిది సర్క్యూట్ బోర్డు. వోల్టేజీ ఎగిరిపడే చోట ముందుగా దెబ్బతినేది అదే, కాబట్టి బోర్డు విడిగా దొరుకుతుందో లేదో కనుక్కునే కొనండి. ఎల్‌ఈడీలు బాగున్నాయి. గాలాడని గ్లాసు డూముల్లో మాత్రం వేడికి వాటి డ్రైవర్ (దీపానికి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే లోపలి సర్క్యూట్) త్వరగా పోతుంది.

ఎండ ఎంత మండితే సోలార్‌కి అంత లాభమనుకుంటారు చాలామంది. వెలుతురు కావాలి గానీ వేడి కాదు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి దాదాపు 0.3 నుంచి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది. అందుకే అదే ఎండ కాసినా చల్లగాలి ఉన్న రోజు సోలార్ ఇన్వర్టర్‌లో (ప్యానెళ్ల కరెంటును ఇంటి వాడకానికి తగ్గట్టు మార్చే పెట్టె) ఉత్పత్తి అంకెలు మెరుగ్గా ఉంటాయి. దుమ్ము తుడవకపోతే తేడా తెలిసిపోతుంది. గ్రిడ్‌లో కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా ఆగిపోతుంది. దీని మీద ఫిర్యాదులు వింటుంటాను. స్తంభం మీద పనిచేసే మనిషికి మన ఇంటి కరెంటు తగలకూడదనే ఆ ఏర్పాటు, అది అలాగే ఉండాలి.

ఇన్నేళ్ల వాడకంలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది: ఇల్లయినా రాష్ట్రమైనా ముందు వాడకం తగ్గించుకోవాలి, ఆ తర్వాతే ఉత్పత్తి. పది లక్షల పాత ఫ్యాన్లు మార్చి, అన్నీ ఒకేసారి తిరుగుతున్నాయనుకుంటే 45 మెగావాట్ల భారం తగ్గినట్టే. పైగా ఆ పొదుపు పొద్దుగూకాక, సోలార్ పడుకున్నాక కూడా పనిచేస్తుంది. రాష్ట్రాలకు గండం సాయంత్రం డిమాండే కదా! పాత బొగ్గు కేంద్రాల్లో రగిలించిన వేడిలో సుమారు మూడో వంతే కరెంటవుతుంది, తీగల్లో మరికొంత పోతుంది. అంటే ఇంట్లో మిగిల్చిన ఒక్క యూనిట్‌కి అక్కడ మూడు యూనిట్లకు పైగా బొగ్గు వేడి మిగులుతుంది. దాంతోపాటే బూడిద, పొగ, చల్లబరచడానికి తోడే నీళ్లు కూడా తగ్గుతాయి. ఆ కేంద్రాల పక్కన పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్లకు ఇది బిల్లు కంటే పెద్ద విషయం.

కొత్తగా పెట్టించుకునేవాళ్లు ముందు ఫ్యాన్లు, దీపాలు మార్చి, అన్ని కాలాల బిల్లులూ చూశాకే ఎన్ని కిలోవాట్లు కావాలో లెక్క వేయించండి. చిన్న సిస్టమే సరిపోవచ్చు.