నెలలో నవల: కలమా, కీబోర్డా, వాయిస్ టైపింగా?

అక్టోబరు వచ్చిందంటే ఈ ప్రశ్న మొదలవుతుంది. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 21 మందితో మొదలై, నవంబరు నెలలో 50,000 పదాల నవల రాయమని సవాలు విసిరిన ‘ననోరైమో’ సంస్థ, మూసేస్తున్నామని 2025లో ప్రకటించింది. అయినా నవంబరులో నవల రాసే అలవాటు పోలేదు.

ముందు లెక్క సరిచేసుకోండి. 50,000 పదాలు, రోజుకి 1,667 అన్నది ఇంగ్లిష్ లెక్క. మనకి విభక్తులూ సహాయక క్రియలూ పదానికే అతుక్కుంటాయి కాబట్టి అంతే కథ సుమారు 35,000 పదాల్లో ఇమిడిపోతుంది. రోజుకి 1,200 చాలు.

కలంతో అయితే అది లాంగ్‌బుక్‌లో ఎనిమిది పేజీలు. కొట్టివేతలు తక్కువ, కరెంటు పోయినా పని ఆగదు. కానీ డిసెంబరులో 240 పేజీలు టైపు చేయాలి. దాన్నే రెండో ప్రతిగా మలుచుకునే ఓపిక ఉంటే నష్టం లేదు. ఏ రోజు పేజీలు ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి.

వాయిస్ టైపింగ్‌ది అన్నిటికంటే వేగం, అన్నిటికంటే చాకిరీ కూడా. కామాలు, కొటేషన్లు ఉండవు, పాత్రల పేర్లు చీలిపోతాయి, యాసలో చెప్పిన సంభాషణ చాలాసార్లు పుస్తక భాషగా మారి కూర్చుంటుంది. అదే రోజు దిద్దకపోతే వారం తర్వాత ఏం చెప్పారో మీకే అర్థం కాదు.

అసలు తేల్చాల్సింది వేగం కాదు, రాస్తుండగా కన్ను ఎక్కడుంటుందన్నది. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే ఫొనెటిక్ పద్ధతిలో ణ, ళ, ఒత్తులు వచ్చినప్పుడల్లా సూచనల పెట్టె వైపు చూడాలి. చూసినప్పుడు పై వాక్యం కనిపిస్తుంది, దాన్ని దిద్దాలనిపిస్తుంది. రెండో వారంలో నవలలు ఆగిపోయేది చాలావరకు ఈ దిద్దుబాటు దగ్గరే. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ బెడద లేదు. ఎడమ చేతికి అచ్చులూ గుణింతాలూ, కుడి చేతికి ఎక్కువ హల్లులు. ‘డి’ కీ పొల్లు: హల్లు, డి, ఇంకో హల్లు కొడితే ఒత్తు పడుతుంది. క ఉన్న కీనే షిఫ్ట్‌తో కొడితే ఖ. ఎంచుకోవడానికేమీ ఉండదు కాబట్టి చూపు కథ మీదే నిలుస్తుంది. విండోస్‌లో తెలుగు భాష చేర్చుకుంటే చాలు, కొనాల్సిందేమీ లేదు.

చిక్కల్లా నేర్చుకోవడమే. రోజూ అరగంట చొప్పున మూడు వారాలు పడుతుంది కాబట్టి అక్టోబరులోనే మొదలుపెట్టండి. నవంబరు 1న మొదలుపెడితే అక్షరాలు వెతుక్కోవడంతోనే సగం నెల గడిచిపోతుంది. అప్పటికి చేయి తిరగకపోతే ఆ నెలకి కలమే పట్టండి, ఫొనెటిక్‌కి మాత్రం వెళ్ళకండి.

అచ్చుపనిలో వాడే అను ఫాంట్లలో రాద్దామనుకునేవారికి ఒక్క మాట: అది డీటీపీ వాళ్ళ, అంటే అచ్చుకి పేజీలు కూర్చేవాళ్ళ పని. యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే మామూలు తెలుగు అక్షరాల్లో) రాయండి, అచ్చుకిచ్చేటప్పుడు వాళ్ళే మార్చుకుంటారు.