మా ఊరి మున్సిపాలిటీ సర్వీసు రివ్యూ: వసూలుకి ఐదు స్టార్లు, వీధి లైటుకి ఒకటిన్నర

హోటళ్ళకి రాస్తారు, సెల్‌ఫోన్లకి రాస్తారు, మరి ఏటా డబ్బులు కట్టి వాడుకునే మున్సిపాలిటీకి ఎవరూ రివ్యూ రాయరేంది అని నాకు ఎప్పట్నుంచో ఉంది, అందుకే రాస్తన్నా. ఊరి పేరు చెప్పను. ప్రకాశం జిల్లాలో ఒంగోలుకి బస్సులో గంట దూరంలో ఉండే చిన్న టౌను, బస్టాండు దగ్గర నాకు జిరాక్సు షాపు, ఇల్లేమో ఊరి చివర కాలనీలో. ఏ ఊరో అర్థమైనోళ్ళు మనసులోనే పెట్టుకోండి.

ముందు మంచి చెప్తా. వసూలు సర్వీసు మాత్రం సూపర్. ఇంటి పన్ను ఏడాదికి రెండు భాగాలు, మొదటిది జూన్ 30 లోపు, రెండోది డిసెంబర్ 31 లోపు కట్టాల, దాటితే నెలకి 2 శాతం వడ్డీ పడతది. 2 అంటే ఏముందిలే అనిపిస్తది, ఏడాదికి లెక్కేస్తే 24, మా బజార్లో నూటికి రెండ్రూపాయల వడ్డీకి ఇచ్చే పెద్దమనిషి కూడా ఇంతే తీసుకుంటాడు, కాకపోతే ఆయన కూర్చోబెట్టి టీ పోస్తాడు. ఏప్రిల్ 30 లోపు ఏడాదిది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు, నేను నాలుగేళ్ళుగా అట్టానే కడతన్నా. పోయినసారి మన మిత్ర వాట్సాప్‌లో కట్టా, రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో పెట్టింది గదా, 95523 00009, హాయ్ అని కొడితే మెనూ వస్తది, అసెస్‌మెంట్ నంబర్ కొట్టి డబ్బులు కట్టి రసీదు తీసుకునేసరికి షాపులో ముందున్న కస్టమరు ఆధార్ జిరాక్సు ఇంకా మిషను మీదే ఉంది. ఐదు స్టార్లు ఇస్తన్నా, వంక లేదు.

మార్చి వచ్చిందా, ఇక వాళ్ళ హుషారు చూడాల. బిల్ కలెక్టరు, సచివాలయం పిల్లలు అందరూ పొద్దున్నే కాగితాల కట్టలతో దిగుతారు, బకాయి ఉన్నోళ్ళ గోడకి రెడ్ నోటీసు అతికిస్తారు, కొళాయి కట్ చేస్తాం అంటారు, షాపులైతే తాళం వేస్తాం అంటారు. ఒక ఏడాది మా బజార్లో ఒకాయన షాపు ముందు డప్పు కూడా కొట్టించారు. ఆయన షట్టరు సగం దించి లోపల కూర్చున్నాడు, పొగాకు రైతులకి సరుకు అప్పిచ్చి డబ్బులు తిరిగిరాక ఉన్న మనిషి, ఆ డప్పు నాకు నచ్చలేదు, దానికి ఒక స్టారు కోద్దామనుకుని మళ్ళీ ఆగా, వసూలు వేరు మర్యాద వేరు.

ఇక లైటు సంగతి. ఇంటి పన్ను అంటే ఒక్కటే పన్ను అనుకుంటారు చాలామంది, 1965 మున్సిపల్ చట్టంలో చూస్తే అందులో జనరల్ పన్ను, నీళ్ళు డ్రైనేజీ పన్ను, లైటింగ్ పన్ను, చెత్త ఎత్తే పన్ను అని ముక్కలున్నయ్, పైన రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు. అంటే నా వీధి లైటు ఎవరో దానంగా పెట్టింది కాదు, నా దగ్గర ముందే డబ్బులు తీసుకున్నారు. అట్టాంటిది సంక్రాంతి తర్వాత మా సందులో మూడు స్తంభాలూ ఒకేసారి ఆరిపోయినయ్. బల్బులు పోయినయ్యేమో అనుకున్నాం. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ ఈ పని చూడాల, ఆ అమ్మాయి పాపం మంచిదే, వచ్చి చూసి "అన్నా లైట్లు బాగానే ఉన్నయ్, సప్లయే రావట్లా" అంది. కరెంటాయన్ని అడిగితే చెప్పలేక చెప్పలేక చెప్పాడు, వీధి లైట్ల బిల్లు మున్సిపాలిటీ చాన్నాళ్ళుగా కట్టలేదంట, పైనుంచి తీసెయ్యమన్నారంట. "మీ ఇంటి బిల్లు కాదులే అన్నా, వాళ్ళ బిల్లు" అన్నాడు, అదేదో నాకు ఓదార్పు అయినట్టు.

నా గోడకి రెడ్ నోటీసు అతికించే ఆఫీసుకే ఇంకో ఆఫీసు బాకీ లెక్క పంపిస్తంది, ఆ ఇద్దరి మధ్య చీకట్లో నడిచేది నేను. సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చా, పదిరోజులకి మీ సమస్య పరిష్కరించాం అని మెసేజీ వచ్చింది, ఆ మెసేజీ నేను చదివింది ఆ చీకటి సందులో నిలబడే.

అసలు రివ్యూ రాయాలనిపించింది మాత్రం ఏప్రిల్లో జరిగిన దానికి. మా ఎదురింటి పెద్దాయనకి నాలుగు గేదెలు, ఇంటి పక్కన వరిగడ్డి వామి. అన్నదమ్ముల పంపకం తేలక ఆ ఇంటికి ఎన్నో ఏళ్ళుగా పన్నే కట్టలేదు, రెడ్ నోటీసు మీద రెడ్ నోటీసు, గోడ కనపడదు. ఒకరోజు రాత్రి తొమ్మిదిన్నరకి వామి అంటుకుంది. ఎట్టా అంటుకుందో ఇప్పటికీ తెలీదు. నాకు 101 వెంటనే గుర్తొచ్చిందంటే కారణం ఉంది, ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైరోళ్ళు వారోత్సవాలు చేస్తారు, 1944లో అదే తేదీన బొంబాయి డాకులో ఓడ పేలి చనిపోయిన ఫైర్ సిబ్బంది గుర్తుగా, ఆ వారంలో వచ్చి మా షాపు అద్దానికి పాంప్లెట్ అతికించి పోయారు, దినామ్మూ చూస్తానే ఉన్నా.

ఫోన్ చేసిన పావుగంటకి సైరన్ వినపడింది, కానీ బండి మా సందు దాటి ముందుకి పోయింది. లైట్లు లేవు గదా, మంట ఇళ్ళ వెనకాల ఉంది, డ్రైవర్‌కి మలుపు కనపడలా. నేనూ మావాడూ సెల్లు టార్చీలు ఊపుకుంటా చెప్పుల్లేకుండా మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తి వెనక్కి తిప్పించాం, ఐదు నిమిషాలు అక్కడే పోయినయ్. వీధి లైటుకి స్టార్లు ఎక్కువ కోసింది ఈ ఐదు నిమిషాలకే.

వాళ్ళు దిగి అడిగింది రెండే, గేదెల్ని విప్పారా, ఇంట్లో గ్యాస్ బండ బయటికి తెచ్చారా అని. వామి నిప్పు పైన నీళ్ళు కొడితే ఆరదు, లోపల రాజుకుంటానే ఉంటది, అందుకని పంగలకర్రలతో గడ్డి లాగి విడదీసుకుంటా తడుపుకుంటా అర్ధరాత్రి దాటిందాకా ఉన్నారు. నీళ్ళు అయిపోతే మున్సిపాలిటీ ట్యాంకరు తెప్పించారు, అదీ వచ్చింది, నిజం చెప్పాల. గడ్డి పోయింది, ఇల్లూ గేదెలూ మిగిలినయ్. పెద్దాయన వణుక్కుంటా "పన్ను కట్టలేదయ్యా" అని ఎందుకో ఆ ఫైరాయనకి చెప్పాడు, ఆయన "అది మాకెందుకు పెదనాన్నా, పక్కకి జరుగు" అన్నాడు. ఫైర్ డిపార్ట్‌మెంటు మున్సిపాలిటీ కింద ఉండదు, రాష్ట్ర ప్రభుత్వానిది, ఇంటి పన్ను లెక్క వాళ్ళ దగ్గర ఉండనే ఉండదు.

ఇంత చిన్న విషయానికి ఎందుకు పొంగిపోతన్నా అంటే, అమెరికాలో టెనెస్సీ రాష్ట్రంలో సౌత్ ఫుల్టన్ అని ఒక చిన్న ఊరుంది. అప్పట్లో ఊరి బయట ఇళ్ళోళ్ళు ఫైరింజన్ కావాలంటే ఆ ఊరికి ఏడాదికి 75 డాలర్లు కట్టాల్సొచ్చేది. 2010లో ఒకాయన ఆ ఫీజు కట్టలేదు, ఇల్లు అంటుకుంది, ఎంతైనా ఇస్తా రండయ్యా అన్నా రాలేదు, మంట పక్కాయన పొలానికి పాకితే అప్పుడు వచ్చారు, ఆయన ఫీజు కట్టాడు గదా, ఆ పొలం ఆర్పి, ఈ ఇల్లు కాలిపోతా ఉంటే చూస్తా నిలబడ్డారు. అప్పుడే డబ్బులు తీసుకుంటే ముందు ఎవరూ కట్టరు అనేది వాళ్ళ వాదన. వాదనగా తప్పు పట్టలేం, కానీ ఆ రాత్రి మా సందులో నిలబడి ఎవడైనా ఆ వాదన చెప్తే కొట్టేవాణ్ణి. ఫైరోళ్ళకి ఐదు స్టార్లు.

నాకున్న మంట ఇంకోటి ఉంది. 2025 మార్చిలో పాత బకాయి మొత్తం కట్టేస్తే వడ్డీలో సగం మాఫీ అన్నారు. ఏప్రిల్లోనే కట్టేసే నాకు మిగిలేది 5 శాతం, ఏళ్ళ తరబడి ఆగినోడికి వడ్డీలో సగం. పెద్దాయన లాంటోళ్ళకి ఇస్తే నాకేం బాధ లేదు, బజార్లో మూడంతస్తుల మేడలకి కూడా అదే లెక్క అంటేనే కడుపు మండుద్ది.

మంట జరిగిన ఐదో రోజు లైట్లు వచ్చినయ్, బిల్లు కట్టారో ఇంకేం చేశారో మరి. ఇప్పుడు పగలు పన్నెండింటికి కూడా వెలుగుతానే ఉంటయ్, రెండు స్టార్లలో ఇంకో అర కోసి ఒకటిన్నర చేసింది దీనికే. మీ వీధిలో ఇట్టా అయితే ఫిర్యాదులో స్తంభం నంబరు తప్పకుండా రాయండి, లేకపోతే ఏ లైటో తెలీలేదంటారు, కరెంటు వైపు సమస్య అయితే 1912కి చెయ్యండి. మంటకి 101 గానీ 112 గానీ. సందు మొదట్లో ఒక మనిషిని నిలబెట్టడం మాత్రం మర్చిపోవద్దు, టార్చీతో.