డాబా మీద తెరుచుకుని మూసుకునే టెంటు వేయించుకుంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

మే రెండో వారంలో ఒక సాయంత్రం మా డాబా మీద వేయించిన మోటరు టెంటు పిట్టగోడ ముక్కతో సహా లేచి పక్కింటి వాటర్ ట్యాంకు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ అంతకు పది నిమిషాల ముందు మా అమ్మ దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. డబ్బు పోయిందన్న బాధ కంటే ఆ పది నిమిషాలే ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తున్నాయి.

మాది విజయవాడ. రేకుల షెడ్డు వేసుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. రేకులు వేస్తే ఎండే రాదు. అమ్మకి వడియాలకి, ఊరమిరపకాయలకి, ఆవకాయ రోజుల్లో మిరపకాయలు ఆరబెట్టడానికి డాబా మీద మంచి ఎండ కావాలి. అదే డాబా మీద నాలుగు దాటాక కూర్చోవాలంటే నీడ కావాలి. చలికాలం పొద్దున మళ్లీ ఎండ కావాలి. ఇంట్లో నోములకి, పుట్టినరోజులకి ప్రతిసారీ సప్లయ్ కంపెనీ వాళ్లని పిలిచి షామియానా వేయించడం అలవాటే గానీ, కావాల్సినప్పుడు పరుచుకుని వద్దనుకున్నప్పుడు ముడుచుకునే నీడ ఇంట్లోనే ఉంటే బాగుంటుందనిపించింది. కోరిక తప్పేమీ కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను. తప్పంతా ఏం అడగాలో తెలియకుండా కొనడంలో ఉంది.

టెంటు అమ్మడానికి వచ్చినాయన బాగా మాట్లాడాడు. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. చదరపు అడుగు 780 రూపాయలు, మోటరుకి విడిగా 34,000. అన్నీ కలిపి 2,15,000కి ఒప్పుకున్నాడు. ఫోన్‌లో మదీనా మసీదు ఆవరణలో ఉండే పెద్ద గొడుగుల వీడియో చూపించి, ఇదే టెక్నాలజీ సార్ అన్నాడు. చేతిలో ఒక గుడ్డ ముక్క పెట్టాడు. దళసరిగా, బరువుగా ఉంది. 650 జీఎస్ఎం (అంటే చదరపు మీటరు గుడ్డ 650 గ్రాముల బరువు) పీవీసీ కోటింగ్ గుడ్డ, అయిదేళ్ల వారంటీ అన్నాడు. బిల్లు అడిగితే, 18 శాతం ఎక్స్‌ట్రా పడుతుంది, మీకెందుకు సార్ అన్నాడు. ఎస్టిమేట్ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. లక్షన్నర అడ్వాన్స్ ఇచ్చాను. మిగతాది పని అయిన రోజే ఇచ్చేశాను.

పని రెండు రోజుల్లో అయిపోయింది. ఎత్తు వైపు మెట్ల గది గోడకి, పల్లం వైపు పిట్టగోడ మీద ప్లేట్లు పెట్టి పైపులు నిలబెట్టారు. రెండు పక్కలా తీగ తాళ్లు లాగి, చక్రాల మీద గుడ్డ జరిగేలా పెట్టారు. రిమోట్ నొక్కితే గుడ్డ మడత మడతగా విచ్చుకుంటూ వచ్చేది. వీధిలో పిల్లలంతా చూడ్డానికి వచ్చారు.

ఇక ఆ సాయంత్రం సంగతి. ఐదున్నర దాటింది. కృష్ణ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి, ఒక్కసారిగా దుమ్ము లేచింది. అమ్మని కిందికి పంపి రిమోట్ నొక్కాను. గుడ్డ ఒక రెండడుగులు ముడుచుకుందేమో, కరెంటు పోయింది. ఈదురుగాలి వస్తే మన దగ్గర ముందు పోయేది కరెంటే. ఇన్వర్టరు ఉంది గానీ దానికి ఫ్యాన్లు, లైట్లే కలిపారు. చేత్తో తిప్పే హ్యాండిల్ కోసం మోటరు చుట్టూ వెతికాను. అలాంటిది అసలు పెట్టనే లేదు. గుడ్డ అంచు పట్టుకుని లాగబోయాను. గాలికి అది నన్నే లేపుతున్నట్టు అనిపించి వదిలేశాను. కింద గాలి దూరి గుడ్డ పూరీలా పొంగింది. టప్, టప్ అని రెండు చప్పుళ్లు వినిపించాయి. పిట్టగోడ మీది ప్లేటు ఒక పక్క లేచింది. తర్వాత మొత్తం లేచింది.

గాలి తగ్గాక వెళ్లి ఆ ప్లేటు బిగించిన బోల్టులు ఏరాను. నాలుగూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. వేలెడు పొడవు కూడా లేవు. ఒక్కటి కూడా విరగలేదు, వంగలేదు. వాటి థ్రెడ్ల సందుల్లో ఎర్రటి ఇటుక పొడి ఇరుక్కుని ఉంది. అంటే బోల్టు కాంక్రీటు ముట్టుకోలేదు. నాలుగంగుళాల ఇటుక గోడ, దాని మీద సిమెంటు పూత. అందులో గుచ్చారు, అలాగే ఊడొచ్చింది.

దీని తర్వాత ఒక నెల రోజులు నాకు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గర కూర్చుని లెక్కలు నేర్చుకున్నాను. అవి మీకూ పనికొస్తాయి, కష్టమేమీ కాదు. గాలి వేగాన్ని సెకనుకి మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకి 20 మీటర్లు. లెక్క కడితే 240 న్యూటన్లు, సుమారుగా చదరపు మీటరుకి 24 కేజీలు. మా గుడ్డ 22 చదరపు మీటర్లు. అంటే అర టన్ను పైనే. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, ఆకారాన్ని బట్టి కొంత మారుతుంది. కానీ నాలుగు చిన్న బోల్టులు ఇటుక గోడలో నిలబడతాయా లేదా అని తెలుసుకోవడానికి ఇది చాలు. భవనాల మీద గాలి బలం గురించి మన దేశంలో ఐఎస్ 875 అనే ప్రమాణం మూడో భాగం ఉంది. అందులో హైదరాబాద్‌కి మూల వేగం, అంటే డిజైన్‌కి మొదట లెక్కలోకి తీసుకునే గాలి వేగం, సెకనుకి 44 మీటర్లు, విజయవాడకి, విశాఖకి 50 మీటర్లు. 50 అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకి ఆ అంకె గురించి నేను చెప్పక్కర్లేదు.

అంత గాలికి పరిచిన గుడ్డ ఆగదు. ఆగాల్సిన పని కూడా లేదు. ముడుచుకునే టెంటు గాలి రాకముందే ముడుచుకోవాలి, పైపుల చట్రం మాత్రం ఆ గాలికి నిలబడాలి. దాని డిజైన్ అంతా ఈ ఒక్క మాట మీదే ఉంటుంది. నాకు అమ్మినాయన విచ్చుకోవడం మాత్రమే చూపించాడు, నేనూ అదే చూసి మురిసిపోయాను. మీరు మూసుకోవడం చూపించమనండి. మెయిన్ స్విచ్ ఆపేసి, ఇప్పుడు మూయండి అనండి. ఎన్ని నిమిషాలు పడుతుందో, ఇంట్లో ఉన్న ఆడవాళ్లో, పెద్దవాళ్లో ఒంటరిగా మూయగలరో లేదో మీ కళ్లతో చూడండి. మోటరుకి చేతి హ్యాండిల్ ఉండి తీరాలి. గాలి పెరిగితే దానంతటదే ముడుచుకునే విండ్ సెన్సర్ కూడా దొరుకుతుంది, మంచిదే. కానీ కరెంటు లేకపోతే అదీ పనిచేయదు. కాబట్టి మోటరు, సెన్సర్ రెండూ ఇన్వర్టరు లైనుకి కలపగలరా, మీ ఇన్వర్టరు ఆ మోటరుని లాగగలదా అని ముందే అడగండి.

ఎంత గాలి వరకు పరిచి ఉంచవచ్చో కాగితం మీద రాయించుకోండి. యూరప్‌లో ఇలాంటి ముడుచుకునే గుడ్డ పందిళ్లకి ఈఎన్ 13561 అనే ప్రమాణం ఉంది. అందులో గాలి తట్టుకునే తరగతులున్నాయి. ఒకటోది సుమారు గంటకు 28 కిలోమీటర్ల వరకు, రెండోది 38, మూడోది 49 వరకు. మూడో తరగతి 49 దగ్గరే ఆగిపోతుందని చూడండి. నాకు అమ్మినాయన మాత్రం, ఎంత గాలైనా ఏం కాదు సార్, టెన్షన్ పెట్టుకోకండి అన్నాడు. ఆ మాట ఎవరు చెప్పినా అక్కడితో బేరం ఆపేయండి.

మదీనా గొడుగుల ఫోటో గురించి కూడా ఒక మాట. వాటి వెనక దశాబ్దాల పని ఉంది. 1968లోనే జర్మనీలో బాడ్ హెర్స్‌ఫెల్డ్ అనే ఊళ్లో, పాత చర్చి శిథిలాల మీద ఫ్రై ఓటో అనే ఆర్కిటెక్ట్ ముడుచుకునే గుడ్డ కప్పు వేశాడు. ఆయనతో పనిచేసిన బోడో రాష్ తర్వాత మదీనా గొడుగుల దాకా తీసుకెళ్లాడు. గుడ్డ ఎక్కడ ముడతపడుతుంది, ముడిచినప్పుడు ఎక్కడ దాక్కుంటుంది, గాలికి ఏ మూల మీద ఎంత లాగుడు పడుతుంది అని మోడళ్లు కట్టి చూసుకుంటూ చేసిన పని అది. ఆ ఫోటో చూపించి ఇటుకలో బోల్టు గుచ్చడం నాకు చాలా కోపం తెప్పించింది.

గుడ్డ సంగతి. కింద పడ్డ గుడ్డని పట్టుకుంటే ఏదో తేడాగా అనిపించింది. శాంపిల్ ముక్కంత బరువుగా లేదు. ఇంజనీరుగారే ఉపాయం చెప్పారు. సరిగ్గా పది సెంటీమీటర్లకు పది సెంటీమీటర్లు చదరంగా కత్తిరించి తూకం వేసి, వచ్చిన గ్రాముల్ని వందతో గుణిస్తే జీఎస్ఎం వస్తుంది. రెండు ముక్కలు కోసుకుని మాకు తెలిసిన బంగారం షాపుకి వెళ్లాను. శాంపిల్ ముక్క 6.5 గ్రాములు. మా డాబా మీది ముక్క 4.1. షాపాయన కాటా సున్నాకి తెచ్చి రెండోసారి కూడా వేశాడు. అదే 4.1. అంటే టెంటు అమ్మినాయన 650 అని చెప్పి 410 వేశాడు. ధాన్యం మీద కప్పే మంచి బరకం కూడా దాని కంటే గట్టిగా అనిపించింది. శాంపిల్ ముక్క మీద అమ్మేవాళ్ల చేత సంతకం పెట్టించి మీ దగ్గర ఉంచుకోండి. గుడ్డ బిగించేటప్పుడు మిగిలే ముక్కల్లోంచి ఒకటి అదే రోజు తూకం వేయండి. బిగించాక అడిగితే ముక్క కోయనివ్వరు.

వాలు విషయంలో ఏప్రిల్‌లోనే నాకు ఒక సూచన అందింది, పట్టించుకోలేదు. ఒక చిన్న వాన పడితే గుడ్డ మధ్యలో నీళ్లు నిలిచి చెరువులా అయింది. కర్రతో కింద నుంచి పొడిచి వంపేశాం. చదరపు మీటరు పల్లంలో పది సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే 100 కేజీలు. తీగ తాళ్లు సాగిపోవడానికి అదే మొదలు. వానలో పరిచి ఉంచాలంటే కనీసం 14 డిగ్రీల వాలు ఉండాలంటారు, అంటే నాలుగు అడుగులకి ఒక అడుగు పల్లం. 12 అడుగుల వెడల్పుకి మూడడుగులు. మాకు ఇచ్చింది ఆరంగుళాలు. అంత వాలు మీ డాబాకి కుదరకపోతే అది ఎండకి మాత్రమే, వానకి ముడవాల్సిందే అని ముందే తెలుసుకుని కొనుక్కోండి. వాన నీళ్లతో ముడిస్తే మళ్లీ ఎండ రాగానే విప్పి ఆరబెట్టాలి, లేకపోతే మడతల్లో బూజు పట్టి మరక పోదు.

పైపుల గురించి క్లుప్తంగా. 14 గేజ్ అంటే 2 మిల్లీమీటర్ల మందం, 18 గేజ్ అంటే 1.2. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి, కోసిన చివర చూస్తేనే తెలుస్తుంది. జీఐ పైపుకి, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపుకి, వెల్డింగ్ పెట్టిన చోట జింకు కాలిపోతుంది. అక్కడ జింకు ప్రైమర్ కొట్టకుండా మామూలు సిల్వర్ పెయింట్ వేస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. మావి రెండు నెలలకే ఎర్రబడ్డాయి. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు అడగాల్సింది మాత్రం, ప్లేటు దేనికి బిగిస్తారు అని. పిట్టగోడకి అంటే ఒప్పుకోకండి. కాంక్రీటు పిల్లర్‌కి గానీ బీముకి గానీ బిగించాలి. స్లాబుకి రంధ్రం వేస్తే వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ ఎవరు చేస్తారో రాయించుకోండి. లేకపోతే ఆ రంధ్రం పక్క నుంచే వానాకాలం బెడ్‌రూమ్ కప్పు కారుతుంది.

టెంటు అమ్మినాయనకి ఫోన్ చేస్తే, అది ప్రకృతి వైపరీత్యం సార్, వారంటీలోకి రాదు అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశాను. ఫిర్యాదు తీసుకున్నారు, అటు వైపు నుంచి జవాబు రాలేదు. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాను. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న ఊళ్లోనే వేసుకోవచ్చు, రెండేళ్లలోపు వేయాలి, ఐదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు. బిల్లు లేదని భయపడ్డాను గానీ, సంతకం ఉన్న ఎస్టిమేట్, యూపీఐ చెల్లింపులు, వాట్సాప్ మెసేజ్‌లు కూడా సాక్ష్యాలుగా పెట్టవచ్చన్నారు. అయినా బిల్లు తీసుకోండి. ఆ 18 శాతం మిగుల్చుకోవాలని చూసి నేనే నా చేయి బలహీనం చేసుకున్నాను.

పక్కింటి పిన్నిగారికి కొత్త ట్యాంకు పెట్టించాం. డాబా మీద మెట్ల గది వైపు పైపులు ఇంకా అలాగే ఉన్నాయి, కమిషన్ వాళ్లు చూడాలంటారేమోనని తీయించలేదు. ఇలాంటి కొటేషన్ చేతిలో ఉండి ఇంకా డబ్బు ఇవ్వనివాళ్లు, పేర్లు, నంబర్లు కొట్టేసి దాని ఫోటో, ప్లేటు బిగిస్తామన్న చోటు ఫోటో నాకు పంపండి. ఇంజనీరుగారు ఆదివారాలు చూసి చెప్తానన్నారు.