కొత్త ఫోను కొంటున్నారా? ‘అంగీకరిస్తున్నాను’ మీట మీరే నొక్కండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు పదివేల లోపు ఫోను కొనాలనుకుంటున్నవాళ్లు ఇది చదివాకే దుకాణానికి వెళ్లండి. మొన్న దసరాకు మా నాన్నకు కొన్న ఫోనుతో మూడు నెలలకు పైగా పడిన అవస్థ ఇది. ఫోను పాడవలేదు. తెర పగలలేదు, బ్యాటరీ రోజంతా వస్తుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది. అందుకే ఏదో తప్పు జరిగిందని తెలుసుకోవడానికి మాకు సంక్రాంతి దాకా పట్టింది.

మా నాన్నకు కనగల్ మండలంలో బత్తాయి తోట ఉంది. పాత ఫోను వానలో తడిసి పోవడంతో నల్లగొండ ప్రకాశం బజారులో ఒక దుకాణానికి వెళ్లి, 9,800 రూపాయలకు కొత్తది తీసుకున్నాం. పండుగ రద్దీ. పనిచేసే అబ్బాయి పెట్టె విప్పుతూనే, “మీరు కూర్చోండి అక్కా, అన్నీ నేను పెట్టి ఇస్తాను” అన్నాడు. మాకు చాయ్ తెప్పించాడు. పదిహేను నిమిషాల్లో వాట్సాప్ వచ్చింది, పాత నంబర్లన్నీ వచ్చాయి, ఫోను నాన్న చేతికి వచ్చింది. సంతోషంగా ఇంటికి వెళ్లిపోయాం. నష్టమంతా ఆ పదిహేను నిమిషాల్లోనే జరిగింది.

వారం తిరగకముందే, తాళం తీయకుండానే తెర మీద వార్తలు, ప్రకటనలు కనిపించడం మొదలైంది. కొత్త ఫోన్లన్నీ ఇంతేనేమో అనుకున్నారు నాన్న. ఒకరోజు బోరు మోటారు ధరలు చూద్దామని వెతికితే ఒక పేజీ తెరుచుకుని, ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అనుమతించు నొక్కండి’ అని అడిగింది. నొక్కారు. నిజానికి అది పరీక్ష కాదు. ఆ సైటు తనకు ఇష్టం వచ్చినప్పుడు మన ఫోనుకు నోటిఫికేషన్లు పంపుకోవడానికి మనం ఇచ్చే అనుమతి అది. బ్రౌజర్ మూసేసినా అవి ఆగవు. ‘మీ ఫోనులో 7 వైరస్‌లు ఉన్నాయి’ అని పొద్దున, ‘మీకు రుణం మంజూరైంది’ అని సాయంత్రం. బ్యాంకు పంపిన సందేశాలకూ వీటికీ తేడా ఆయనకు తెలియలేదు. నవంబరులో ‘మీ కిసాన్ డబ్బు ఆగిపోయింది, వివరాలు సరిచేసుకోండి’ అని వచ్చిన దాన్ని నొక్కి పేరు, ఊరు, ఫోను నంబరు ఇచ్చారు. ఆ మధ్యాహ్నమే ఎవరో ఫోన్ చేసి ఓటీపీ చెప్పమన్నారు. నాన్న చెప్పకుండా పెట్టేసి నాకు ఫోన్ చేశారు. డబ్బు పోలేదు. కానీ ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని అమ్మ చెప్పింది. డెబ్బయ్యో ఏట ఒక మనిషిని తన చేతిలో ఉన్న వస్తువుకే భయపడేలా చేయడం చిన్న విషయమని నేను అనుకోను.

సంక్రాంతి సెలవుల్లో ఫోను తీసుకుని సెట్టింగులన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ముందుగా బ్రౌజర్. ఫోను కంపెనీ సొంతంగా పెట్టిన బ్రౌజర్ అది. మేము ఎంచుకున్నది కాదు, ఎంచుకోమని ఎవరూ అడగనూ లేదు. దాని అనుమతుల్లోకి వెళితే లొకేషన్, కాంటాక్టులు, ఫోన్ కాల్స్, ఫైళ్లు అన్నీ ముందే ఇచ్చేసి ఉన్నాయి. వెబ్ పేజీలు చూపించే యాప్‌కు మా బంధువుల ఫోను నంబర్లతో పని ఏమిటి? మనం తెచ్చుకున్న యాప్ ఏదైనా ఇవన్నీ మనల్ని అడిగి తీసుకోవాల్సిందే. ఆండ్రాయిడ్‌లో 2015 నుంచి ఆ పద్ధతి ఉంది. ఫోనుతో పాటు ఫ్యాక్టరీలోనే ఎక్కించిన యాప్‌లకు మాత్రం ఆ అనుమతులు ముందే ఇచ్చి పంపే వీలుంది.

తీసేద్దామంటే తొలగించే మీటే లేదు. ‘నిలిపివేయి’ అన్న మీట వెలసిపోయి ఉంది, నొక్కితే పలకదు. డిఫాల్ట్ బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్ పెట్టాను. అయినా తాళం తెర మీది వార్తలు, ముందు తెర మీది వెతుకు పెట్టె ఆ పాత బ్రౌజర్‌లోనే తెరుచుకున్నాయి. పది రోజుల తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి నేను మార్చినదాన్ని మళ్లీ మొదటికి తెచ్చింది. హైదరాబాద్‌లో ఉండే మా పిన్ని కొడుకు చివరికి ఫోనును కంప్యూటర్‌కు కలిపి, ఆదేశాలు ఇచ్చి దాన్ని తప్పించాడు. అందరినీ అలా చేయమని చెప్పలేను. పొరపాటున వేరే భాగం తీస్తే ఫోను తెరుచుకోకపోవచ్చు. పైగా ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే, అంటే లోపలిదంతా చెరిపి కొత్తదానిలా చేస్తే, ఆ బ్రౌజర్ తిరిగి వచ్చేస్తుంది.

దీనికన్నా పెద్ద దెబ్బ గూగుల్ ఖాతాలో కనిపించింది. నాన్నకు పాత ఖాతా ఉన్నా, దుకాణంలో కొత్తది తెరిచారు. దాన్ని తిరిగి పొందడానికి ఇచ్చిన ఫోను నంబరు మాది కాదు. కాంటాక్టులు, ఫొటోలు మూడు నెలలుగా అందులోకే చేరుతున్నాయి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, అమ్మ మందుల చీటీ, అన్నీ ఫొటోలుగా ఉన్నాయి అక్కడ. ఆ నంబరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు పాస్‌వర్డ్ మార్చుకుని లోపలికి రావచ్చు.

నేరుగా దుకాణానికి వెళ్లాను. ఆ అబ్బాయి దాచలేదు. “అందరికీ ఇలాగే చేస్తాం అక్కా. పెద్దవాళ్లు పాస్‌వర్డ్ మర్చిపోతారు, మళ్లీ మా దగ్గరికే వస్తారు కదా” అన్నాడు. నాన్న ఎప్పుడూ అడగని ఫోను శుభ్రం చేసే యాప్, వార్తల యాప్, రెండు ఆటల గురించి అడిగితే, ఒక్కో యాప్ ఎక్కించినందుకు కొంత డబ్బు వస్తుందని చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు. పొద్దున నుంచి రాత్రి దాకా నిలబడి పనిచేసే పిల్లవాడు. అతనికి ఆ పని నేర్పి, లెక్కగట్టి డబ్బు ఇచ్చేవాళ్ల మీదే నా కోపం. వాళ్లు ఏ కౌంటరు దగ్గరా కనిపించరు.

‘అంగీకరిస్తున్నాను’ అని ఆ రోజు ఎన్నిసార్లు నొక్కారో తెలియదు. ఒక్కసారి కూడా నాన్న నొక్కలేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, ఏ పనికో తెలిసి, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలి. సమ్మతి కోరే మాటలను ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు అందులో ఉంది. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. అప్పటిదాకా కౌంటరు దగ్గర మన వేలే మనకు కాపలా.

ముందే ఎక్కించిన యాప్‌ను తీసేసే హక్కు గురించి మన దేశంలో పెద్ద వాదనే జరిగింది. 2022 అక్టోబరులో, వ్యాపారాల్లో న్యాయమైన పోటీని చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ముందే ఎక్కించిన తన యాప్‌లను వినియోగదారులు తొలగించుకోకుండా గూగుల్ అడ్డుపడకూడదనీ ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, తొలగింపు గురించిన ఆ మాటతో పాటు మరికొన్ని ఆదేశాలను కొట్టివేసింది. మా ఫోనులోది గూగుల్ బ్రౌజర్ కాదు, ఫోను తయారుచేసిన కంపెనీది. కానీ ఆ ఆదేశం నిలిచి ఉంటే మిగతా కంపెనీలకూ కొంత భయం ఉండేదని నా నమ్మకం. ఐరోపా సమాఖ్యలో 2024 మార్చి నుంచి డిజిటల్ మార్కెట్స్ చట్టం కింద గూగుల్, ఆపిల్ తమ ఫోన్లలో బ్రౌజర్ల జాబితా చూపించి ఎంచుకోమని అడగాల్సి వచ్చింది. మా నాన్నకు ఆ ప్రశ్న ఎందుకు అడగరు?

బ్రౌజర్ ఏదైతే ఏముంది అనుకునేవాళ్లకు యూసీ బ్రౌజర్ సంగతి గుర్తుచేస్తాను. ఒకప్పుడు మన ఊళ్లలో చాలా ఫోన్లలో అదే ఉండేది. అది వాడేవారి వివరాలను సరైన రక్షణ లేకుండా బయటికి పంపుతోందని టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ 2015లోనే బయటపెట్టింది. కేంద్రం 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది. ఆ మధ్య ఐదేళ్లు మనవాళ్లు వాడుతూనే ఉన్నారు.

నేను ఫైర్‌ఫాక్స్ పెట్టడానికి కారణం ఉంది. దాని కోడ్ అంతా బహిరంగం, లోపల ఏం జరుగుతోందో తెలిసినవాళ్లు ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఒక సైటు నుంచి మరో సైటుకు మన వెంట పడే కుకీలను (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు ఫోనులో పెట్టే చిన్న ఫైళ్లను) అది అడగకుండానే కట్టడి చేస్తుంది. ప్రకటనలను ఆపే పొడిగింపులు (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఆండ్రాయిడ్‌లో కూడా పనిచేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, మెనూలు తెలుగులో ఉన్నాయి. ఆ అనువాదంలో స్వచ్ఛందంగా పనిచేసిన మనవాళ్ల శ్రమ ఉంది. నాన్న ఇప్పుడు ‘అనుమతించవద్దు’ అన్న మాట చదివి, తానే నొక్కుతున్నారు. గూగుల్ క్రోమ్ వెంటాడే కుకీలను తీసేస్తామని 2020లో ప్రకటించి, 2024 జులైలో ఆ మాట వెనక్కి తీసుకుంది. ‘అజ్ఞాత’ విండోను నమ్ముకునేవాళ్లూ ఉన్నారు. అది మీరు చూసిన పేజీల చరిత్రను ఫోనులో నిల్వ చేయదు కానీ, మీరు చూసే సైటుకు, నెట్ ఇచ్చే కంపెనీకి మిమ్మల్ని కనిపించకుండా చేయదు.

డబ్బు ఇచ్చే ముందు ప్రదర్శనకు పెట్టిన ఫోనును చేతిలోకి తీసుకోండి. సెట్టింగుల్లో యాప్‌లలోకి వెళ్లి, అందులో ఉన్న బ్రౌజర్‌ను తెరిచి, ‘నిలిపివేయి’ మీట పలుకుతుందా లేదా చూడండి. పలకకపోతే వేరే ఫోను చూపించమనండి. ఇందుకు రెండు నిమిషాలు చాలు. కొన్నాక పెట్టె విప్పి ఫోను వెలుగుతుందా అని చూసుకుని, మిగతాది ఇంట్లో చేసుకుంటామని చెప్పి తెచ్చుకోండి. దుకాణంవాళ్లు తొందరపెడతారు, ఉచితంగా చేసి ఇస్తాం అంటారు, వద్దనండి. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉంటే వాళ్లను పెద్దవాళ్ల పక్కన కూర్చోబెట్టండి, కానీ మీట మాత్రం పెద్దవాళ్లే నొక్కాలి.

ఇప్పటికే కొన్నవాళ్లు ముందుగా గూగుల్ ఖాతాలో తిరిగి పొందే నంబరు ఎవరిదో ఈ రోజే చూడండి. వేరేవాళ్లదైతే మార్చి, పాస్‌వర్డ్ మార్చి, ఆ ఖాతా ఇంకే పరికరాల్లో తెరిచి ఉందో చూసి అన్నిటినీ బయటికి పంపండి. తర్వాత బ్రౌజర్‌లో సైటు నోటిఫికేషన్ల జాబితా తెరిచి, పేరు తెలియని ప్రతిదాన్నీ ఆపండి. ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో గోప్యతా డాష్‌బోర్డ్ ఉంటుంది. ఏ యాప్ ఎప్పుడు లొకేషన్ చూసిందో, మైకు వాడిందో అందులో తెలుస్తుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

దుకాణం యజమాని తప్పు ఒప్పుకుని, నా ముందే నంబరు మార్పించారు. కంపెనీకి రెండుసార్లు రాశాను, ‘ఈ యాప్ వ్యవస్థలో భాగం’ అన్న ఒక్క వాక్యం తప్ప జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి బిల్లు, పలకని మీట స్క్రీన్‌షాట్లు, అప్‌డేట్‌కు ముందూ తర్వాతా తీసినవి సిద్ధం చేసుకుంటున్నాను. వ్యవహారం తేలనందువల్లే ఇక్కడ కంపెనీ పేరు, దుకాణం పేరు రాయలేదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రెండేళ్లలోపు, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. ఒకే రకం నష్టం జరిగిన పలువురు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేసే వీలు కూడా చట్టంలో ఉంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పలకని మీట ఉంటే దాని స్క్రీన్‌షాట్ తీసి, బిల్లుతో పాటు దాచి, నాకు చెప్పండి. ఫిబ్రవరి చివరిదాకా నేను ఆగుతాను.