వర్టస్ జీటీకి ఏది మేలు: రీమ్యాపా, బ్రేకులూ టైర్లా?

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5 కొన్న కొన్నాళ్లకే చాలామంది బెంగళూరు ట్యూనర్ల రేట్లు కనుక్కోవడం మొదలుపెడతారు. కంపెనీ ఇచ్చింది 150 పీఎస్ పవర్, 250 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం). స్టేజ్-1 రీమ్యాప్, అంటే విడిభాగాలు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మాత్రమే తిరగరాయడం, చేయిస్తే 180 పీఎస్ దరిదాపులకు, 300 ఎన్ఎం పైకి పోతుంది. అదే డబ్బుకు నాలుగు మంచి టైర్లు, ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ దాదాపు వచ్చేస్తాయి. తిరుపతి, చిత్తూరు రోడ్లకు ముందు ఈ రెండోదే చేయించాలి.

మన దగ్గర బండికి అసలు పరీక్ష దిగేటప్పుడే. పలమనేరు నుంచి చిత్తూరు వైపు మొగిలి ఘాట్ చూడండి, టమోటా లారీల వెనక భాకరాపేట ఘాట్ దిగి చూడండి. తిరుమల నుంచి కిందికి దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగాలి. అక్కడ వేగానికి టీటీడీ కట్టడి ఉంది కాబట్టి అదనపు పవర్‌తో పనే లేదు. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఉన్నప్పుడు మూడో గేర్లో బ్రేక్ మీద కాలు పెట్టుకుని దిగితే రెండు రకాల తేడాలు వస్తాయి. పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగట్లేదంటే ప్యాడ్లు కాలాయి. పెడల్ మెత్తబడి లోపలికి పోతోందంటే ఫ్లూయిడ్ మరిగి లైన్లో ఆవిరి చేరింది. రెండోది ఎక్కువ ప్రమాదం.

డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180. లీటరు కొంటే మొత్తం మార్చడానికి సరిపోతుంది, రెండేళ్లకోసారి మార్చాలి. పేరు దగ్గరగా ఉందని డాట్ 5 మాత్రం పోయించొద్దు, అది సిలికాన్, వీటితో కలవదు. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డులో 60 నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు తగ్గించి, తర్వాత పది నిమిషాలు బ్రేక్ జోలికి పోకుండా నడిపి చల్లార్చాలి. వేడి మీద ఉన్నప్పుడు సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కి నిలబడితే డిస్కు మీద ప్యాడ్ అచ్చు పడుతుంది, ఆపైన స్టీరింగ్ వణుకుతుంది.

టైర్లకు కంపెనీ ఇచ్చిన 205/55 ఆర్16 సైజే (వెడల్పు మి.మీ.లో, పక్కగోడ ఎత్తు వెడల్పులో శాతం, రిమ్ము అంగుళాల్లో) ఉంచి మంచి రకం వేసుకోవడం మేలు. 17 అంగుళాలే కావాలంటే 205/50 ఆర్17 వేయొచ్చు, చుట్టుకొలత ఒక శాతం కూడా మారదు. 215/50 ఆర్17 వేస్తే రెండు శాతానికి పైగా పెరిగి స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. పక్కగోడ తగ్గేకొద్దీ గుంతల్లో రిమ్ము దెబ్బతింటుంది.

పెద్ద ట్యూనర్లు కూడా ఈ దారి పట్టినవాళ్లే. పోర్షే 911 జీటీ3కి జర్మన్ ట్యూనర్ మాంటై చేసిన కిట్ ఇంజిన్‌ను ముట్టుకోదు. సస్పెన్షన్, ఏరో (గాలిని వాడుకునే రెక్కలు, బాడీ భాగాలు), బ్రేకులు మార్చి నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌లో 6:59.9 ల్యాప్ సమయాన్ని 6:55.7కి దించింది. 1987లో రూఫ్ కంపెనీ సీటీఆర్ కారుతో పోర్షే సొంత 959 కారుని టాప్ స్పీడ్‌లో దాటేసిన మాట నిజమే. మనకు అంత తిన్నటి రోడ్డు ఎక్కడుంది?

ఇవన్నీ అయ్యాక కూడా పవర్ కావాలనిపిస్తే, ముందు మీ గేర్‌బాక్స్ ఏదో చూసుకోండి. డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) అయితే అది డ్రై క్లచ్ డీక్యూ200 రకం. దాని హద్దు 250 ఎన్ఎం, కంపెనీ ఇంజిన్ అక్కడిదాకా వాడేసింది. చవకని ట్యూనింగ్ బాక్స్ తగిలిస్తే ఇంకా చెడ్డ. అది బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) సెన్సర్ రీడింగ్ తగ్గించి ఈసీయూని, అంటే ఇంజిన్ కంప్యూటర్‌ని, మోసం చేస్తుంది, ఈసీయూ గేర్‌బాక్స్‌కు అసలు కంటే తక్కువ టార్క్ చెబుతుంది, ఆ లెక్కకు తగ్గట్టే క్లచ్ నొక్కుడు తగ్గి జారుతుంది. సర్వీస్‌కు ముందు పావుగంటలో పీకేయొచ్చన్నది ఒక్కటే దాని లాభం. మాన్యువల్ అయితే స్టేజ్-1 ఫర్వాలేదు. నాలుగో గేర్లో 2,000 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కండి, వేగం పెరగకుండా ఆర్‌పీఎం ఎగిరితే క్లచ్ అయిపోయింది.

మ్యాప్ 95 ఆక్టేన్‌కు రాయిస్తే ఎప్పుడూ ఎక్స్‌పీ95 లాంటి 95 ఆక్టేన్ పెట్రోలే పోయాలి. మే ఎండలో ఒకసారి లాగ్ (నడుస్తున్నప్పటి రీడింగుల రికార్డు) తీయించండి: అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, ఒక్కో సిలిండర్ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి తగ్గడం. ఒకే సిలిండర్ మాటిమాటికీ మూడు డిగ్రీలు దాటి తగ్గుతుంటే మ్యాప్ మెత్తబరచమనండి. పూర్తి లోడులో జర్క్ వస్తే స్పార్క్ ప్లగ్ గ్యాప్ చూడండి, బూస్ట్ పెరిగితే గ్యాప్ తగ్గించాలి. డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం) మార్చే స్టేజ్-2 ఊసు వద్దు, ఉద్గారాల దగ్గరే ఇరుక్కుంటారు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను ఒప్పుకోదు. 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రీమ్యాప్ సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ పడుతుంది. సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పట్టేస్తే కంపెనీ రికార్డుల్లో టీడీ1 గుర్తు (ట్యూన్ చేసిన బండి అని) పడి ఇంజిన్ వారంటీ పోతుంది. అక్కడ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేస్తే డబ్బు పెట్టి రాయించిన మ్యాప్ కూడా చెరిగిపోతుంది, కాబట్టి ఒరిజినల్ ఫైల్, మార్చిన ఫైల్ రెండూ ఉంచుకుని, మళ్లీ రాసేందుకు ఎంత తీసుకుంటారో ట్యూనర్‌తో ముందే మాట్లాడుకోండి.