'వాడని పాత స్టాక్' ప్రెషర్‌స్టాట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

పాత లీవర్ ఎస్ప్రెస్సో మెషీన్లు (చేత్తో పిడి లాగి కాఫీ తీసేవి) ఉన్నవాళ్లూ, ఒకటి కొని బాగుచేసుకుందామనుకునేవాళ్లూ జాగ్రత్త. ఆన్‌లైన్‌లో 'వాడని పాత స్టాక్' అని చెప్పి ప్రెషర్‌స్టాట్లు, అంటే బాయిలర్ ప్రెషర్‌ని బట్టి హీటర్‌ని ఆపి, వేసే స్విచ్చులు, అమ్ముతున్నారు. నాకు వచ్చింది ఏ మెషీన్‌లోనో ఏళ్ల తరబడి నలిగినదాన్ని పీకి, తుడిచి, పైన కొత్త మూత బిగించి పంపిన సరుకు. డబ్బు పోవడం ఒక ఎత్తు, బాయిలర్ మీద పెట్టే భాగంతో ఈ మోసం చెయ్యడం ఇంకో ఎత్తు.

ఎందుకింత కోపమంటే, ఆ చిన్న భాగం చేసే పని అలాంటిది. బాయిలర్‌లో ఆవిరి పెరిగితే దాని డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) పైకి నెట్టుకుని కాంటాక్టులు (కరెంటు కలిపే లోహపు బిళ్లలు) విడిపోతాయి, హీటర్‌కి కరెంటు ఆగుతుంది. ప్రెషర్ తగ్గగానే మళ్లీ కలుస్తాయి. ఇంట్లో వాడే లీవర్ మెషీన్లు మామూలుగా 0.8 నుంచి 1.2 బార్ (ప్రెషర్ కొలత) మధ్య నడుస్తాయి, 1 బార్ అంటే లోపల నీళ్లు 120 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. కాంటాక్టులు అతుక్కుపోతే ఇక హీటర్‌ని ఆపే నాథుడు ఉండడు, మిగిలేది సేఫ్టీ వాల్వ్ ఒక్కటే.

నాకు జరిగింది సరిగ్గా అదే. బిగించాక కాసేపు టిక్కు టిక్కుమంటూ బాగానే నడిచింది, సరే అనుకునేలోపు గేజ్ ముల్లు 1 దాటింది, 1.2 దాటింది, శబ్దం మాత్రం లేదు. 1.5 దగ్గరికి వచ్చేసరికి ప్లగ్ పీకేశాను. పక్కనే నిలబడి చూస్తున్నాను కాబట్టి సరిపోయింది, అదే మెషీన్ ఆన్ చేసి వేరే గదిలోకి వెళ్లి ఉంటే?

పూర్తిగా చల్లారాక మూత విప్పాను. కాంటాక్టుల మీద ఆకురాయి గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, ఆ గీతల మధ్యలో కాలిన నల్లటి గుంటలు అలాగే ఉన్నాయి, ఒక జత అంచు దగ్గర కరిగి అంటుకుపోయింది. కాంటాక్టుల మీద ఉండే వెండి పూత చాలా పల్చగా ఉంటుంది, దాన్ని ఆకురాయితో రుద్దితే పైకి మెరుస్తుందే కానీ పూత పోతుంది, తర్వాత నిప్పురవ్వలు లేచి ఇంకా తొందరగా అతుక్కుంటాయి. డయాఫ్రమ్ రబ్బరు గట్టిపడిపోయింది, వేలితో వంచితే సన్నటి పగుళ్లు. ఆవిరి లోపలికి వెళ్లే రంధ్రం చుట్టూ తెల్లటి సున్నం ఉంగరంలా పేరుకుని ఉంది, మరచుట్ల సందుల్లో పాత టెఫ్లాన్ టేపు ముక్కలు. నీళ్లే తగలని భాగానికి సున్నం ఎక్కడి నుంచి వచ్చినట్టు?

అమ్మినవాళ్లని అడిగితే ముందు మీ వైరింగ్ తప్పన్నారు, ఫొటోలు పంపాక జవాబే లేదు.

కాబట్టి కొనేముందు రెండు ఫొటోలు అడగండి: మూత తీసి కాంటాక్టులవి, కింద రంధ్రం లోపలికి కనిపించేలా ఒకటి. ఇవ్వడానికి నసిగితే వదిలేయండి. దాని మీద ముద్రించిన ఆంపియర్లు కూడా చూడండి. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల హీటర్ నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది, 3000 వాట్లది 13 ఆంపియర్లు. చిన్న మెషీన్‌ది తీసుకొచ్చి పెద్దదానికి తగిలిస్తే కొత్తదైనా కాలిపోతుంది. సిరాయ్ కంపెనీ పి302 లాంటి ప్రెషర్‌స్టాట్ రకాలకి డయాఫ్రమ్ విడిగా దొరుకుతుంది, కాంటాక్టులు బాగుంటే అది మార్చుకుంటే చాలు, మొత్తం కొననక్కర్లేదు.

అమ్మేవాళ్లందరూ దొంగలని నేననను. కొన్నిసార్లు తప్పు భాగానిది కాదు, బాయిలర్ నుంచి దానికి వెళ్లే సన్నటి గొట్టం సున్నంతో పూడుకుపోతే ప్రెషర్ పెరిగిన సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. వేడెక్కేటప్పుడు లోపల గాలి చిక్కుకున్నా గేజ్ తొందరగా పైకి వెళ్లి హీటర్ ముందే ఆగిపోతుంది, స్టీమ్ ట్యాప్ కాసేపు తెరిస్తే ముల్లు దబ్బున పడిపోతుంది. ఇవి చూసుకున్నాకే అమ్మినవాళ్లని నిలదీయండి.

ఏది బిగించినా మొదటిసారి గేజ్ ముందు నుంచి కదలొద్దు. సేఫ్టీ వాల్వ్ కారుతోందని దాన్ని టేపుతోనో, గమ్‌తోనో మూసేసి అమ్మే మెషీన్లు కూడా ఉన్నాయి, అది మాత్రం అస్సలు ఉపేక్షించకండి, కొత్త వాల్వ్ వేసేదాకా మెషీన్ ఆన్ చెయ్యొద్దు.

నాకు పంపినవాళ్ల ప్రకటన అవే ఫొటోలతో మళ్లీ పైకి వచ్చింది. ఫొటోలో కొత్త మూత, శుభ్రమైన టెర్మినళ్లు తప్ప కింది వైపు ఎక్కడా చూపించలేదు. ఈమధ్య ఇలాంటిది కొని ఇప్పటికే బిగించేసినవాళ్లు ఎవరైనా ఉంటే, మెషీన్ ప్లగ్ తీసి, చల్లారనిచ్చి, ఒక్కసారి ఆ మూత విప్పి చూసుకోండి.