ఇరుంగట్టుకోట్టై ట్రాక్ డే కవరేజి: ఫొటోలకు పూర్తి మార్కులు, ఇన్-కార్ వీడియోకి సగమే

చెన్నై శివార్లలోని ఇరుంగట్టుకోట్టై సర్క్యూట్‌లో కార్ క్లబ్బుల ట్రాక్ డేలకు (సభ్యులు సొంత కార్లను రేస్ ట్రాక్ మీద నడిపే రోజులు) ఫొటో, వీడియో కవరేజి ఇచ్చే ఒక చిన్న బృందం పనిమీద ఈ రివ్యూ. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఒక వీడియోగ్రాఫర్, కార్లలో బిగించే యాక్షన్ కెమెరాలు: ఇదీ ప్యాకేజీ. హైదరాబాద్, విజయవాడల నుంచి అంత దూరం వెళ్లే క్లబ్బులకు చివరికి చేతిలో మిగిలేవి ఆ ఫొటోలే కాబట్టి వివరంగా చెప్పాలి.

ఫొటోలు చాలా బాగా వచ్చాయి. చక్రాలు తిరుగుతున్నట్టు కనపడాలంటే షట్టర్ స్పీడు 1/125 సెకను దగ్గర ఉంచి, కారుతోపాటే కెమెరా తిప్పుతూ తీయాలి. 1/1000లో తీస్తే ఎంత స్పీడులో ఉన్న కారైనా పార్కింగ్‌లో ఆపినట్టే ఉంటుంది. అయితే మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100 పెట్టినా, 1/125కి అపర్చర్‌ని, అంటే లెన్స్ రంధ్రాన్ని, ఎఫ్/16 దాకా మూయాలి. అప్పుడు సెన్సర్ మీది దుమ్మంతా ఆకాశంలో నల్లచుక్కలుగా తేలుతుంది. వీళ్లు లెన్స్‌కి పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) వేశారు. దాంతో వెలుతురు ఒకటిన్నర స్టాపు తగ్గింది (ఒక స్టాపంటే వెలుతురు సగమవడం), విండ్‌షీల్డ్ మీది మెరుపు కూడా పోయింది. ఒక ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు ఫొటోలో స్టీరింగ్ మీద గ్లవ్స్ మడతలు, ఎపెక్స్ (మలుపు లోపలి అంచు) వైపు తిరిగిన హెల్మెట్ స్పష్టంగా కనపడుతున్నాయి. అలాంటి ఒక్క ఫొటో చాలు, డబ్బులు వచ్చేసినట్టే.

నిలబడే చోటు విషయంలోనూ అనుభవం కనపడింది. ట్రాక్ 3.717 కి.మీ., 12 మలుపులు. 20 నిమిషాల సెషన్‌లో మామూలు రోడ్డు కారు వేసేది ఏడెనిమిది ల్యాపులు. ట్రాక్ మీదికి వచ్చే అవుట్ ల్యాప్, వెనక్కి వెళ్లే ఇన్ ల్యాప్ తీసేస్తే ఒక మలుపులో ఒక్కో కారు దొరికేది ఐదారుసార్లే. అందుకని సెషన్ మధ్యలో చోటు మార్చకూడదు, వీళ్లు మార్చలేదు. ఎండ ముదిరాక తారు మీద లేచే వేడి అలలకు దూరం నుంచి 400 ఎంఎం లెన్స్‌తో తీసినవన్నీ మసకబారతాయి, ఎడిటింగ్‌లో బాగుచేయలేం. ఆ వేళకు వీళ్లు కార్లు ఆగే పిట్ లేన్‌కి వచ్చేశారు.

గ్యాలరీ మాత్రం ఆలస్యమైంది. రెండు కెమెరాల గడియారాలు కలపకపోవడంతో ఏ ఫొటో ఏ సెషన్‌దో కలగాపులగమైంది. పొద్దున బ్రీఫింగ్‌లోనే ఒకే ఫోన్‌లో సెకన్లు కనపడే గడియారాన్ని అన్ని కెమెరాలతో ఒక్కో ఫొటో తీయిస్తే ఈ గొడవ ఉండదు. క్లబ్బు చేయాల్సిందీ ఉంది: నంబరు స్టిక్కర్లు రెండు డోర్లకీ, బానెట్‌కీ వేయాలి. ఒకవైపే ఉంటే రెండు తెల్ల పోలోల్లో ఏది ఎవరిదో అవతలి పక్క ఫొటోల్లో తేలదు.

ఇన్-కార్ వీడియోలో తప్పులు ఎక్కువ. కెమెరాలో స్టెబిలైజేషన్ (కుదుపులను సరిదిద్దే సదుపాయం) ఆన్‌లో వదిలేశారు. కెమెరా కారుకే బిగించి ఉన్నప్పుడు మలుపు తిరిగిన ప్రతిసారీ అది డాష్‌బోర్డును ఒకవైపు లాగుతుంది, చూస్తుంటే తల తిరుగుతుంది. ఆఫ్ చేయాల్సిందే. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) రికార్డింగ్‌కి 20 నిమిషాలకు 15 జీబీ పడుతుంది. వీళ్లు పెట్టింది 64 జీబీ కార్డులు, ఐదో సెషన్ మొదట్లోనే నిండిపోయాయి. 128 జీబీ అడగండి. స్పీడు అంకెలు వీడియో మీద కావాలంటే కెమెరా మోడల్ కూడా అడగాలి: గోప్రో హీరో 12లో జీపీఎస్ లేదు, 11లోనూ 13లోనూ ఉంది.

అద్దానికి అంటుకునే సక్షన్ మౌంట్ ఒక్కదాన్నే నమ్మి స్క్రూటినీకి (ట్రాక్ మీదికి వెళ్లేముందు కారు తనిఖీ) వెళ్లొద్దు. ఎండకు వేడెక్కిన అద్దం మీద అది ఊడుతుంది. హెడ్‌రెస్ట్ కడ్డీలకు క్లాంప్ వేయించి, తాడు కట్టించండి.

డ్రోన్ షాట్లు అదనపు చార్జీకి ఇస్తామంటారు. డబ్బు తీసుకుని ఎగరేసేది 250 గ్రాములు దాటిన డ్రోనైతే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, అది ముందే చూడండి. కార్లు తిరుగుతుండగా ట్రాక్ మీదుగా ఎగరేయనివ్వొద్దు.

ఫొటోలకు వీళ్లనే పిలవచ్చు. వీడియోకైతే పై షరతులన్నీ అడ్వాన్స్ ఇవ్వకముందే వాట్సాప్‌లో రాయించుకోండి, ఒరిజినల్ ఫైళ్లు ఎన్నాళ్లు ఉంచుతారన్నది కూడా.